గోదావరి డెల్టాలో ఇంటి సామాను: నిల్వ, సర్దుబాటు, వదిలింపు

గోదావరి డెల్టా ఇళ్లలో సామాను సర్దుకునే పద్ధతి పంటను, వరదను, పండుగను అనుసరించి ఏర్పడింది. ఏడాదికి సరిపడా ధాన్యం, పప్పు, చింతపండు, ఊరగాయ ఇంట్లోనే ఉండాలి గనుక ఇల్లు కట్టేటప్పుడే వాటికి చోటు చూసుకునేవారు. నిల్వ ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు తరుగుతుందో ముందే తెలుసు. అందుకే ఇల్లు ఖాళీ చేసి దులిపే రోజులూ ముందే ఖాయమై ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి ధాన్యం ఇంటి గడప దాటి మిల్లుకు పోయింది. దాని స్థానంలో కర్మాగారాల్లో తయారైన వస్తువులు వచ్చాయి. వీటికి రుతువు లేదు, తరిగే గడువు లేదు. ఇళ్లలో సామాను పేరుకుపోవడానికి ముఖ్యకారణం ఇదే.

ప్రాంతం, వాతావరణం

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి నడుమ ఉన్నది కోనసీమ. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని కాలువలు డెల్టాను వరి సీమగా మార్చాయి. ఇప్పుడు ఈ కాలువల కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. 1925లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఈ ప్రాంతం కోనసీమ, కాకినాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోకి సర్దుకుంది.

ఇక్కడి నేల తడి, గాలి చెమ్మ. వానాకాలం నాలుగు నెలలూ బట్టలకు ముక్క వాసన, తోలు వస్తువులకు బూజు, కాగితానికి చెద తప్పవు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అందుచేత వస్తువును నేలకు, గోడకు తగలకుండా ఎత్తున పెట్టడం, ఏడాదికోసారైనా ఎండకు వేయడం డెల్టా సర్దుబాటులో మొదటి రెండు సూత్రాలయ్యాయి.

ఇంటి నిర్మాణంలో నిల్వ స్థానాలు

కలిగిన రైతు కుటుంబాల ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపులా వాలుకప్పు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు ఉంటాయి. పాపికొండల వైపు అడవుల నుంచి తెప్పలుగా నది మీద రాజమహేంద్రవరానికి దిగిన టేకు కలప స్తంభాలకు, దూలాలకు, తలుపులకు వాడేవారు. ఇటువంటి ఇంట్లో ప్రతి గదికీ నిల్వ విషయంలో ఒక పని ఉండేది. విలువైనవి, దస్తావేజులు, పట్టుబట్టలు పడమటింట్లో. రోజూ వాడే సంభారాలు వంటింట్లో. పెద్ద పాత్రలు, పండగ సామాను కొట్టుగదిలో. నాగలి, తాళ్లు, గోనెసంచులు పశువుల సావిడిలో ఉండేవి. కట్టెలు, పిడకలు, గడ్డివాము దొడ్లోనే గాని లోపలికి వచ్చేవి కావు.

గదుల పైభాగం అటకది. దూలాల మీద పలకలు పరిచి చేసిన ఈ చోటు వంటింటి సెగ, పొగ తగిలి పొడిగా ఉంటుంది. కోనసీమలో అటకకు వ్యాపార ప్రయోజనం కూడా ఉంది. ముదిరిన కొబ్బరికాయలను అటక మీద పోసి ఎనిమిది నెలల నుంచి ఏడాది వరకు కదపకుండా ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండుగా తయారవుతుంది. దీన్నే కురిడీ కొబ్బరి అంటారు. అంబాజీపేట మార్కెట్లో దీనికి వేరే ధర పలుకుతుంది. అంటే ఈ ఇళ్లలో అటక నిండి ఉండటం అక్కరలేని సామాను పేరుకుందనడానికి గుర్తు కాదు, ఏడాది రాబడికి గుర్తు.

గోడల్లో గూళ్లు, చిలక్కొయ్యలు, పైన వేలాడే దండేలు, ఉట్లు చిన్న సామాను సంగతి చూసుకునేవి. దీపం, అగ్గిపెట్టె, పంచాంగం గూట్లోకి. చొక్కా, గొడుగు చిలక్కొయ్యకు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండా ఉట్టి మీదికి. కుండలు దొర్లిపోకుండా గడ్డితో చేసిన కుదుళ్ల మీద, పెద్దదాని మీద చిన్నది చొప్పున దొంతులుగా పేర్చేవారు. తలుపులతో మూసిన అరలు తక్కువ గనుక ఉన్న సామాను కంటికి కనిపించేది, చెయ్యి చాస్తే అందేది.

వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు ఉన్న తాటాకిళ్లలో పరిస్థితి వేరు. ఒకే గది, ఒక ట్రంకుపెట్టె, ఒక దండెం, రెండు మూడు ఉట్లు, బయట పొయ్యి. కొన్నేళ్లకోసారి ఆకు మార్చి కప్పు వేయించేటప్పుడు ఇల్లంతా వీధిలోకి వచ్చేది. పెంకుటిళ్లవాళ్లు తొలకరికి ముందే పెంకులు నేయించేవారు. ఆ రోజుల్లో అటక మీదివన్నీ కిందికి దిగేవి. కప్పు బాగుచేయించుకోవడమే ఈ రెండు రకాల ఇళ్లలోనూ తప్పనిసరి సర్దుబాటుకు అవకాశం. శ్లాబు ఇల్లు వచ్చాక ఆ అవసరం పోయింది.

ధాన్యం, దినుసుల నిల్వ

డెల్టాలో రెండు పంటలు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. నూర్చిన ధాన్యంలో అమ్మకానికి పోగా తిండికి, విత్తనానికి, కూలికి, దేవుడి పేర ఇచ్చేదానికి ఉంచుకునేవారు. కొంత ఇంట్లో గాదెలో, కొంత వాకిట్లో పురిలో పోసేవారు. వరిగడ్డితో పేనిన వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపే నిల్వ పురి. కింద రాళ్ల మీద బల్లలు వేసి తడి, ఎలుక రాకుండా చూసి, పైన గడ్డి కప్పేవారు. ధాన్యం అయిపోతే గడ్డి పశువులకు పోతుంది, పురి ఉన్న చోటు మళ్లీ వాకిలే. ఉన్నన్నాళ్లు ఉండి, పనయ్యాక తన జాడ లేకుండా పోయే నిల్వ సాధనం ఇది.

పప్పుదినుసులకు పురుగే పెద్ద బెడద. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, కందిపప్పుకు ఆముదం రాయడం, విత్తనాల్లో బూడిద, సంచుల్లో ఎండు వేపాకు కలపడం వాడుకలో ఉన్న ఉపాయాలు. చింతపండు ఉప్పు వేసి కుండల్లో కుక్కేవారు. ఎండాకాలంలో పెట్టిన ఆవకాయ, మాగాయ పింగాణీ జాడీల్లోకి ఎత్తి, మూతి మీద గుడ్డతో వాసెన కట్టి, ఏడాదిలో ఏ జాడీ ముందు తీయాలో ఏది తర్వాతో వరస ప్రకారం పెట్టేవారు. ముందు వచ్చింది ముందు వాడాలనే గిడ్డంగి సూత్రాన్ని ఇక్కడి గృహిణులు పేరు పెట్టకుండానే పాటించారు.

ఈ నిల్వ అంతటి మీదా అజమాయిషీ ఇంటి పెద్దావిడది. గాదె తలుపు, కొట్టుగది, భోషాణం తాళాలు ఆమె కొంగున ఉండేవి. రోజుకు ఎన్ని గిద్దెల పప్పు, ఎన్ని శేర్ల బియ్యం తీయాలో ఆమే కొలిచి ఇచ్చేది. అత్తగారి నుంచి కోడలికి తాళాలు చేతులు మారడం కుటుంబ చరిత్రలో ఒక ఘట్టం. సర్దే చాకిరీ ఆడవాళ్లది, సర్దిన ఇంటి గౌరవం మగవాళ్లది అన్న పంపకం కూడా ఆ రోజుల నుంచి ఉన్నదే.

పాత్రలు, పెట్టెలు

పాత సంపన్న గృహాల్లో ఎక్కువ చోటు తినేది ఇత్తడి, రాగి, కంచు. నీళ్ల గంగాళాలు, కాగులు, పెళ్లివంటకు గుండిగలు, బిందెలు, మరచెంబులు, పళ్లేలు. పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి సామాను తయారీకి పేరున్న ఊరు. కూతురికి సారెలో ఇచ్చిన పాత్ర మీద ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, కొన్నిటి మీద తేదీ కూడా కొట్టించడం ఆనవాయితీ. దీనివల్ల రెండు ప్రయోజనాలు ఉండేవి. ఊళ్లో పెళ్లికి అరువిచ్చిన గుండిగ తిరిగి ఎవరింటికి చేరాలో తెలుస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో కోడలి పుట్టింటి సొమ్ము వాటాల్లో కలవకుండా ఉంటుంది.

పెద్ద పాత్రలు ఏడాదిలో చాలా రోజులు అటక మీదే ఉండేవి గాని ఒక ఇంటికే పరిమితం కాలేదు. వీధిలో ఒకరి దగ్గర గాడిపొయ్యి మీద పెట్టే గుండిగలుంటే మరొకరి దగ్గర తివాచీలు, ఇంకొకరి దగ్గర పెట్రోమాక్సు దీపాలుండేవి. ప్రతి ఇంట్లో అన్నీ ఉండక్కర్లేకుండా ఊరంతటికీ సరిపోయేది. ఇప్పుడీ పని సప్లయర్సు దుకాణాలు చేస్తున్నాయి.

బట్టలకు, నగలకు, కాగితాలకు భోషాణాలు, కావడిపెట్టెలు, ఆ తర్వాత ట్రంకుపెట్టెలు వచ్చాయి. భోషాణం బరువైన టేకు పెట్టె. దాని మీద పడుకునే వీలు కూడా ఉండటం వల్ల వేరే చోటు అడగదు. బొంబాయిలో గోద్రెజ్ కంపెనీ 1923లో ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టింది. స్వాతంత్య్రం వచ్చాక ఇనప బీరువా క్రమంగా పెళ్లి సామానులో భాగమై, రాజమహేంద్రవరం, భీమవరం వంటి పట్టణాల్లో స్థానిక తయారీదారులూ వచ్చారు. బీరువాతో వచ్చిన తేడా ఏమిటంటే, పెట్టెలో పైవి తీస్తే గాని అడుగువి రావు, కాబట్టి అడపాదడపా అన్నీ బయటికి వస్తాయి. బీరువాలో ముందువరస తీసి వాడుకుంటే వెనకవరస ఏళ్ల తరబడి కదలదు.

సర్దుబాటులో కట్టుబాట్లు

వస్తువును ఎక్కడ పెట్టాలన్నది సౌకర్యం ఒక్కటే నిర్ణయించలేదు. వాస్తు ప్రకారం ఈశాన్యం ఖాళీగా, నైరుతి బరువుగా ఉండాలి. అందుకే బీరువా, గాదె, భోషాణం నైరుతి గదికి చేరతాయి. సందె దీపం పెట్టాక ఇల్లు ఊడ్చి చెత్త బయట పోయకూడదని, శుక్రవారం ఇంట్లోంచి డబ్బు, ఉప్పు వంటివి ఇవ్వకూడదని పట్టింపు. పగిలిన అద్దం, ఆగిపోయిన గడియారం, విరిగిన విగ్రహం ఇంట్లో ఉంచకూడదన్న నమ్మకం మాత్రం పాడైన వస్తువు బయటికి పోవడానికి తోడ్పడింది.

మడి ఆచారం ఉన్న ఇళ్లలో మడిబట్టలు ఎవరికీ తగలని ఎత్తైన దండెం మీద ఆరేసి, కర్రతో తీసేవారు. మడి పాత్రలు, మామూలు పాత్రలు కలిసేవి కావు. పొలం పనికి వచ్చే దళిత పాలేర్లకు వేరే గ్లాసు, వేరే కంచం పెట్టి, వాటిని ఇంట్లోకి రానీయక చూరులోనో సావిడిలోనో ఉంచిన ఇళ్లెన్నో. పొందికైన ఇల్లు అని మెచ్చుకున్న ఏర్పాటులో అంటరానితనం కూడా ఒక అరగా ఉండేదన్నది ఈ చరిత్రలో దాచకూడని భాగం. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అస్పృశ్యతను రద్దు చేసింది. గ్లాసుల వేర్పాటు మాసిపోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

ఏడాది పొడవునా శుభ్రం చేసే వేళలు

సార్వా పంట ఇంటికి చేరాక వచ్చే ధనుర్మాసం పెద్ద శుభ్రానికి కాలం. గోడలకు సున్నం, గుమ్మాలకు జేగురు, గచ్చుకు కడుగుడు, బూజుకర్రతో మూలమూలా దులుపుడు. వంటింటి సామాను వాకిట్లోకి వచ్చి చింతపండుతో తోమించుకుని ఎండలో ఆరేది. సున్నం వేయాలంటే గోడ ఖాళీ కావాలి. గోడ ఖాళీ కావాలంటే దానికి ఆనుకుని ఉన్నవన్నీ కదలాలి. కదిలినప్పుడే ఏది పనికొస్తుందో ఏది రాదో తేలుతుంది. ఈ వరసకు ముగింపు భోగి మంట. విరిగిన కుర్చీకాలు, చెదపట్టిన పలక, పాత బుట్ట, చాప తెల్లవారుజామున మంటలోకి పోయేవి. పిల్లలు పిడకల దండలు వేసేవారు.

సంక్రాంతికే చాలా ఇళ్లలో బొమ్మల కొలువు. ఏడాదంతా పాతగుడ్డల్లో చుట్టి పెట్టెలో ఉన్న బొమ్మలను తీసి, తుడిచి, రంగు పోయినవాటిని పక్కనపెట్టి, మెట్ల మీద నిలబెడతారు. ఇది వేడుకతో పాటు ఏటా జరిగే సరుకు తనిఖీ కూడా.

ఉగాది ముందు, వరలక్ష్మీ వ్రతం ముందు చిన్న శుభ్రాలు; దసరాకు పనిముట్లు, పుస్తకాలు, బండ్లు తుడిచి పూజ; ఎండాకాలంలో పరుపులు, బొంతలు, పట్టుచీరలు, కాగితాలు ఎండబెట్టడం; పన్నెండేళ్లకోసారి పుష్కరాలు. 2015 జులైలో పుష్కరాలు జరిగినప్పుడు రాజమహేంద్రవరం, కొవ్వూరు వంటి ఊళ్లలో బంధువుల రాకకు గదులు ఖాళీ చేసి, రంగులు వేయించి సిద్ధమైన ఇళ్లు అనేకం. మళ్లీ పుష్కరాలు 2027లో.

వరద, తుపాను

డెల్టాలో సామాను సర్దడం కొన్నిసార్లు ప్రాణావసరం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండవది, 17.75కి మూడవది ఇస్తారు. నది నడుమ ఉన్న లంకగ్రామాలవాళ్లు ఈ అంకెలను బట్టి పనులు చేసుకుంటారు. మొదటి హెచ్చరికతో పశువులు, ధాన్యం సంగతి; రెండవదానితో బీరువా అడుగుఅరలు ఖాళీ చేసి, సామాను అటక మీదికో మేడమీదికో ఎక్కించడం; మూడవదానితో కాగితాలు, మందులు, నగలు మూటగట్టి పడవ ఎక్కడం.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి, డెల్టా ఇళ్లలో గాదెలు తడిసి ధాన్యం మొలకెత్తింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటలను, పైకప్పులను కూల్చి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జులై వరదలో ప్రవాహం మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

వరద తర్వాత చేసే సర్దుబాటు వేరు. ఒండ్రు ఎత్తిపోయాలి, తడిసిన పరుపులు, పుస్తకాలు, ప్లైవుడ్ సామాను పారేయాలి. పాత టేకు, ఇత్తడి కడిగి ఆరబెడితే తేరుకుంటాయి. చెక్కపొట్టుతో చేసిన బోర్డు ఒకసారి నానితే ఉబ్బి విడిపోతుంది. వరద తగిలే ఊళ్లలో వంటింటి అరలకు ఏది వాడాలన్న నిర్ణయానికి ఈ అనుభవం చాలు. దస్తావేజుల విషయంలో కొత్త సౌకర్యాలు వచ్చాయి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో ధ్రువపత్రాల ప్రతులు భద్రపరచుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ మీభూమి పోర్టల్లో అడంగల్, 1-బి అనే భూమి రికార్డుల వివరాలు చూసుకోవచ్చు. అసలు దస్తావేజును మాత్రం నీళ్లు చొరని సంచిలో, ఎత్తున ఉంచడమే క్షేమం.

ఇల్లు దాటే దారులు

పాత పద్ధతి బలం నిల్వలో ఎంత ఉందో, వస్తువులు బయటికి పోయే దారుల్లోనూ అంతే ఉంది. కళాయి పోయిన పాత్రకు కళాయివాడు, చిల్లు పడిన బిందెకు మాట్లు వేసేవాడు, గట్టిపడిన పరుపుకు దూదేకులవాళ్లు, అరిగిన రోటికి గంట్లు కొట్టేవాడు వీధిలోకి వచ్చేవారు. పాత చీరలు బొంతలయ్యేవి, పంచెలు వడపోత గుడ్డలయ్యేవి, చంటిపిల్లల పొత్తిగుడ్డలయ్యేవి. పాత ఇత్తడి మారకం వేసి కొత్తది తెచ్చుకునేవారు. జరీచీరలకు, పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు, ఇనుముకు, ప్లాస్టిక్కుకు ఉల్లిపాయలిచ్చే బళ్లవాళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు. పాతసామాను కొని తూకం వేసే ఈ చిరువ్యాపారుల వల్లే ఇనుము, కాగితం, అట్టలు చెత్తకుప్పకు చేరకుండా మళ్లీ కర్మాగారానికి పోతున్నాయి.

సారె ఇంకో దారి. ఆషాఢం సారె, శ్రావణం సారె, కడుపుతో ఉన్న కూతురికి, పసిబిడ్డతో పంపేటప్పుడు పెట్టే సారెలతో స్వీట్లు, పళ్లు, పాత్రలు కావిళ్లుగా, ఇప్పుడైతే వ్యాన్లుగా వియ్యాలవారింటికి చేరతాయి. తినేవి ఊరంతా పంచుతారు. కాజా, గోరుమిఠాయి, పూతరేకులు ఒక ఇంట్లో నిల్వ ఉండవు. పాత్రలు, ఎలక్ట్రిక్ సామాను మాత్రం పంచడానికి వీల్లేదు. ఒకే ఇంట్లో మూడు మిక్సీలు, నాలుగు డిన్నర్ సెట్లు అట్టపెట్టెలు విప్పకుండానే అటకెక్కడం ఇందువల్లే.

పుస్తకాలకు, తాళపత్రాలకు రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. వడ్డాది సుబ్బారాయుడు 1898లో నెలకొల్పిన వాసురాయ గ్రంథాలయం, నాళం కృష్ణారావు సేకరించిన గ్రంథాలయం కలిసి ఏర్పడిన సంస్థ ఇది. ఇళ్లలో చెదల పాలు కావలసిన గ్రంథాలు చాలా ఇటువంటి చోట్లకు చేరడం వల్లే మిగిలాయి.

మార్పు: ఖాళీ అయిన గాదె, నిండిన అటక

ధాన్యాన్ని కళ్లంలోనే 75 కిలోల బస్తాలకెత్తి మిల్లుకో కొనుగోలు కేంద్రానికో తోలడం మామూలయ్యాక గాదెకు పనిలేకపోయింది. బియ్యం నెలకో సంచి కొంటున్నారు. పప్పులు వారానికో ప్యాకెట్. 1970ల నుంచి స్టీలు పాత్రలు ఇత్తడిని అటకెక్కించాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ డబ్బాలు స్టీలును. ఉమ్మడి కుటుంబాలు విడివడి, మండువా ఇళ్లు వాటాలై, చాలా వాటిని విప్పి స్తంభాలు, తలుపులు అమ్మేశారు. వాటిని నగరాల్లోని హోటళ్లవాళ్లు, రిసార్టులవాళ్లు కొంటున్నారు.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకుల్లో అపార్టుమెంట్లు పెరిగాయి. రెండు పడగ్గదుల ఫ్లాటులో కొట్టుగది ఉండదు, దొడ్డి ఉండదు. శ్లాబుకింద సిమెంటు అటక ఒక్కటే మిగిలింది. దానికి సెగ తగలదు, వెలుతురుండదు, నిచ్చెన వేస్తే గాని అందదు. పాత అటక వస్తువును పండించి దింపేది. కొత్త అటక వస్తువును మరిపించి ఉంచుకుంటుంది.

వలస మరో కారణం. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లారు. డెల్టా పల్లెల నుంచి ఎందరో మహిళలు ఇంటిపనికి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్లి, ఆ సంపాదనతో ఊళ్లో ఇళ్లు కట్టుకున్నారు. పిల్లల పాత సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బములు, సూట్‌కేసులు ఊళ్లో తల్లిదండ్రుల ఇంట్లో ఉండిపోతాయి. పెద్దవాళ్ల తర్వాత తాళం పడిన ఇంట్లో సామాను ఏం చేయాలో తేల్చడానికి వారసులకు దొరికేది సంక్రాంతి సెలవుల నాలుగు రోజులే.

ప్రపంచ పద్ధతులతో పోలిక

ఏడాదికోసారి ఇల్లు దులపడం చాలా సమాజాల్లో ఉంది. జపాన్‌లో సంవత్సరాంతపు ఓసోజి, ఇరాన్‌లో నౌరూజుకు ముందు జరిపే ఖానే తకానీ అటువంటివే. వీటికి తోడు ఆధునిక గృహనిర్వహణ సలహాలు పుట్టుకొచ్చాయి. జపాన్ రచయిత్రి మారీ కొండో పుస్తకం 2014లో ఇంగ్లిషులో వచ్చి, 2019లో నెట్‌ఫ్లిక్స్ ధారావాహికతో లోకమంతటికీ తెలిసింది. బట్టలు, పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, జ్ఞాపకాల వస్తువులు అనే వరసలో ఒక్కో రకాన్నీ ఒకచోట కుప్పపోసి, మనసుకు సంతోషమిచ్చేదే ఉంచుకోమంటుంది ఆమె. స్వీడన్ రచయిత్రి మార్గరెటా మాగ్నుసన్ 2017 నాటి పుస్తకంలో, మన తర్వాత పిల్లలకు భారం కాకుండా బతికుండగానే సామాను తగ్గించుకోవాలన్నారు.

ఒక రకం వస్తువులన్నీ ఒకచోట పోసి చూడటం డెల్టా ఇళ్లకు బాగా పనికొస్తుంది. ఎన్ని స్టీలు గిన్నెలున్నాయో అలా చూస్తే గాని తెలియదు. సంతోషం అనే కొలత మాత్రం వస్తువు ఒక మనిషిదే అయినప్పుడే నిలుస్తుంది. పుట్టింటివారు పేరు కొట్టించి ఇచ్చిన బిందె, ఊరి పెళ్లిళ్లకు అరువుపోయే గుండిగ ఒక్కరి ఇష్టాయిష్టాలతో తేలేవి కావు. తల్లులు జీవించి ఉండగానే నగలు, పాత్రలు కూతుళ్లకు, కోడళ్లకు పంచి ఇవ్వడం మాత్రం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. మాగ్నుసన్ చెప్పిన మాటకు ఇదే దగ్గరి ఆచారం.

పారవేత, పర్యావరణం

2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలుగా వేరు చేసి ఇవ్వాలని చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా విధించాలని ఆదేశించింది. పాడైన ఎలక్ట్రానిక్ సామానుకు 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి.

ఈ చర్చలో భోగి మంటది ప్రత్యేక స్థానం. కలప, వెదురు, తాటాకు, పిడక మండితే మిగిలేది బూడిద. ఆ బూడిద అంట్లు తోమడానికో పాదులకో పనికొచ్చేది. ఇప్పటి ఇంట్లోంచి వచ్చే పాతసామానులో టైర్లు, రెక్సిన్, ఫోము పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగులేసిన బోర్డులు ఉంటున్నాయి. వీటి పొగ విషం. ఈ చెత్తను కాలువగట్టు మీద పోస్తే నేరుగా సాగునీటి కాలువలోకి, చేపల చెరువుల్లోకి చేరుతుంది. తూములు పూడితే వర్షాకాలంలో చేలు మునుగుతాయి.

డెల్టాలో ఇల్లు పొందికగా ఉండటానికి కావలసినవి అరలు, డబ్బాలు మాత్రమే కావు. నిల్వకు గడువు, శుభ్రానికి నియమిత వేళ, పనికిరానిదానికి బయటి దారి ఉండాలి. పాత ఇంట్లో ఈ మూడూ పంట వల్ల వాటంతట అవే కుదిరాయి. ఇప్పటి ఇంట్లో మనం కుదుర్చుకోవాలి. ధనుర్మాసంలో అటక దింపి, విప్పని అట్టపెట్టెలు అవసరమున్నవారికిచ్చి, ఇనుము, ప్లాస్టిక్ పాతసామాను బండికి వేసి, పుస్తకాలు ఊరి గ్రంథాలయానికి చేర్చి, కర్ర, పిడక మాత్రమే భోగి మంటకు ఉంచితే ఆచారమూ నిలుస్తుంది, ఇల్లూ ఖాళీ అవుతుంది.